మీ ఉత్తరం – మా జవాబు: అలెక్ గిన్నిస్ ముక్కు, నడక, కళ్లజోడు

పోయిన సంచికలో ఇంగ్లీషు నటుడు అలెక్ గిన్నిస్ (1914–2000) గురించి ఒక పేజీ పరిచయం వేశాం. నాటకాల్లో మొదలై సినిమాకు వెళ్లాడని, 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' సినిమాకు ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడని, 1959లో సర్ బిరుదు వచ్చిందని అందులో రాశాం. దానిమీద కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నాటికలు ఆడేవాళ్లవే. "ఆయన గొప్పవాడే, సరే. మాకు పనికొచ్చేది చెప్పండి" అన్నది వాటి సారాంశం. అందుకని ఈసారి కబుర్లు తగ్గించి పనితనం మీదే ఎక్కువ రాస్తున్నాం.

ప్రశ్న: గిన్నిస్ రికార్డుల పుస్తకం వాళ్లకూ ఈయనకూ ఏమన్నా చుట్టరికం ఉందా? – ఒక పాఠకుడు, గుంతకల్లు

లేదు. ఆ పుస్తకానికి పేరు డబ్లిన్‌లో మొదలైన గిన్నిస్ బీరు కంపెనీ నుంచి వచ్చింది. ఈయన లండన్‌లోని మైడా వేల్‌లో 1914 ఏప్రిల్ 2న పుట్టాడు. బర్త్ సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు రాసేచోట 'అలెక్ గిన్నిస్' అని ఉంది, తండ్రి పేరు గడి మాత్రం ఖాళీ. తల్లి ఇంటిపేరు కఫ్. ఆండ్రూ గెడ్డెస్ అనే స్కాట్లండ్ బ్యాంకరు స్కూలు ఫీజులు కట్టేవాడు. తన తండ్రి ఆయనే అయ్యుంటాడని గిన్నిస్ అనుకునేవాడు.

ప్రశ్న: ఏ డ్రామా స్కూల్లో చదివినాడు? ఒక్కసారిగా పేరొచ్చిందా, మెట్టుమెట్టుగానా? – డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

మెట్టుమెట్టుగానే. స్కూలు అయ్యాక ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో ప్రకటనలు రాసే ఉద్యోగంలో చేరాడు. అది చేస్తూనే మార్టిటా హంట్ అనే నటి దగ్గర పాఠాలు చెప్పించుకున్నాడు. తర్వాత ఫే కాంప్టన్ నడిపే నటనా శిక్షణాలయంలో స్కాలర్‌షిప్ దొరికింది. 1934లో స్టేజీ ఎక్కితే దక్కింది మాటల్లేని వేషం. అదే ఏడాది పేరున్న నటుడు జాన్ గీల్‌గుడ్ తన 'హామ్లెట్'లో ఆస్రిక్ అనే చిన్న పాత్ర ఇచ్చాడు. 1938లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఓల్డ్ విక్ థియేటర్‌లో టైరోన్ గత్రీ దర్శకత్వంలో తనే హామ్లెట్ వేశాడు. 1930ల నాటి మామూలు దుస్తులతో, ఒక్క డైలాగు కూడా కత్తిరించకుండా ఆడిన ప్రదర్శన అది.

అసలు మలుపు 1939. డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'ను గిన్నిస్ సొంతంగా నాటకంగా రాసి, అందులో హెర్బర్ట్ పాకెట్ వేషం కట్టాడు. ప్రేక్షకుల్లో, తర్వాత సినిమా దర్శకుడైన డేవిడ్ లీన్ ఉన్నాడు. యుద్ధం అడ్డొచ్చింది. గిన్నిస్ నేవీలో చేరి, 1943లో సిసిలీ దాడిలో సైనికులను ఒడ్డుకు దించే పడవకు అధికారిగా పనిచేశాడు. యుద్ధం అయిపోయాక 1946లో లీన్ అదే కథను సినిమా తీస్తూ అదే వేషానికి గిన్నిస్‌నే పిలిచాడు. అక్కణ్నుంచి 1984 దాకా లీన్ తీసిన ఆరు సినిమాల్లో ఆయన ఉన్నాడు. మీరు నాటకం రాసుకుని ఆడేవాళ్లయితే ఈ సంగతి గుర్తుంచుకోండి: ఆయనకు సినిమా వేషం తెచ్చిపెట్టింది తను రాసుకున్న నాటకమే, ఎవరికో పంపిన ఫొటో కాదు.

ప్రశ్న: ఒకే ఫ్రేములో ఆయన ఆరు వేషాల్లో కనపడతాడంట కదా. కంప్యూటర్లు లేని కాలంలో ఎట్ల తీసినారు? మేం పెళ్లి వీడియోలు, షార్ట్ ఫిల్ములు తీస్తాం, మాకు వీలవుతుందా? – వీడియోగ్రాఫర్, ప్రొద్దుటూరు

మీరడిగేది 'కైండ్ హార్ట్స్ అండ్ కోరోనెట్స్' (1949) సంగతి. తన తల్లిని వెలివేసిన గొప్పింటి వంశంలో, వారసత్వానికి అడ్డున్నవాళ్లను ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోయే కుర్రవాడి కథ. ఆ వంశంలో ఎనిమిది మందినీ గిన్నిసే వేశాడు. ఆయనకు మొదట ఇస్తామన్నది నాలుగు వేషాలు. నాలుగే ఎందుకు, ఎనిమిదీ ఇవ్వమని ఆయనే అడిగాడు. పాదిరీ, సేనాని, నౌకాదళాధికారి, బ్యాంకరు, చివరికి ఒక ఆడమనిషి కూడా.

చర్చిలో ఆ ఇంటివాళ్లు ఆరుగురు ఒకేసారి కనిపించే షాటు కెమెరామన్ డగ్లస్ స్లోకోంబ్ పనితనం. కెమెరాను కదలకుండా బిగించేశాడు. లెన్సు ముందు నల్లని అడ్డు పెట్టి ఫ్రేములో ఒక్క గడి మాత్రం తెరిచాడు. ఆ గడిలో గిన్నిస్‌ను ఒక వేషంలో కూర్చోబెట్టి షాటు తీశాడు. తర్వాత ఆ గడి మూసి, ఫిల్మును కెమెరాలోనే మొదలుపెట్టిన చోటికి వెనక్కి తిప్పాడు. గిన్నిస్ వెళ్లి మేకప్ మార్చుకుని వస్తే పక్క గడి తెరిచి మళ్లీ అదే ఫిల్ము మీద తీశాడు. ఇట్లా ఆరుసార్లు. ప్రతిసారీ మేకప్‌కు గంటలు పడుతుంది గనుక పని రోజుల తరబడి సాగింది. మధ్యలో ఎవరి మోచెయ్యన్నా కెమెరాకు తగిలితే అంతవరకూ తీసిందంతా పోయినట్టే, ఎందుకంటే ఆరు వేషాలూ ఉన్నది ఒకే నెగెటివ్ మీద. అందుకని స్లోకోంబ్ రాత్రిళ్లు ఆ కెమెరా పక్కనే స్టూడియోలో పడుకున్నాడు.

మీకు ఆ బెంగ లేదు. ఒక్కో వేషాన్ని విడివిడి క్లిప్‌గా తీసి ఎడిటింగ్‌లో అతికిస్తారు. అయినా చెడిపోయే చోట్లు మాత్రం ఇప్పటికీ అవే. ట్రైపాడ్ కాళ్ల మధ్య ఇసుక సంచి వేలాడదీయండి. రికార్డు బటన్ వేలితో నొక్కొద్దు, రిమోట్‌తోనో ఫోన్ యాప్‌తోనో నొక్కండి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో పెట్టండి. ఆటోలో వదిలితే తెల్లచొక్కా వేషం వచ్చినప్పుడు గోడ నల్లబడుతుంది, నల్లకోటు వేషంలో గోడ వెలిగిపోతుంది, అతుకు ఎక్కడుందో చూసేవాడికి గీత గీసి చూపినట్టు తెలిసిపోతుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజర్ కూడా ఆపేయాలి, లేకుంటే ఫ్రేము దానంతటది కొంచెం జరుగుతుంది. ట్యూబులైటు వెలుగులో తీస్తుంటే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి వేరే స్పీడుల్లో మినుకు వస్తుంది.

అతుకు గీతను స్తంభం అంచునో, తలుపు చట్రం మీదనో పడేట్టు ఎంచుకోండి. అక్కడ తెరగుడ్డ, ఊగే కొమ్మ, తిరిగే ఫ్యాను నీడ ఉండకూడదు. ఒక వేషం నీడ గీత దాటి రెండో వేషం గడిలో పడితే అది అక్కడే కోసినట్టు తెగిపోతుంది. చాలామంది మొహాన్ని చూసుకుంటారు గానీ నీడను చూసుకోరు. ఆరుబయట అయితే వేషాలన్నీ వీలైనంత తక్కువ వ్యవధిలో ముగించండి, మేకప్ మార్చేలోపు పొద్దు జరిగి నీడలు మారిపోతాయి. ఎవరూ లేని ఖాళీ ఫ్రేము ఒక నిమిషం తీసి పెట్టుకోండి, తర్వాత ఎక్కడ అతుకు బెడిసినా అదే ఆదుకుంటుంది.

ఇది సీమకు కొత్త విద్యేం కాదు లెండి. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీతో కలిసి 1957లో 'మాయాబజార్'లో చేసిన గారడీలు కూడా కంప్యూటర్ లేని కాలానివే.

ప్రశ్న: క్వాయ్ సినిమాలో ఇనుప డబ్బా నుంచి బయటికొచ్చే నడక గురించి మా డైరెక్టరు ఎప్పుడూ చెప్తాంటాడు. దాంట్లో అంత ఏముంది? నాకు ఈసారి నాటికలో జబ్బుపడి లేచినవాని వేషం వచ్చింది. – నాటిక నటుడు, నంద్యాల

ముందు ఆ సందర్భం. గిన్నిస్ వేసిన కల్నల్ నికల్సన్ జపాన్‌వాళ్ల చేతిలో యుద్ధఖైదీ. అధికారులు కూలిపని చేయరని మొండికేస్తే, శిబిరాధికారి అతణ్ని నడిఎండలో రేకుడబ్బాలో పెట్టి తాళం వేయిస్తాడు. చాలా రోజుల తర్వాత బయటికి తెచ్చి అధికారి గదికి నడిపిస్తారు. తన సైనికులంతా చూస్తున్నారు. కాళ్లు వశంలో లేవు. అయినా నడక పెరేడ్ నడకలా ఉండాలని తాపత్రయం.

ఆ నడక ఎక్కణ్నుంచి వచ్చిందో గిన్నిస్ చెప్పాడు. ఆయన కొడుకు మాథ్యూకు పదకొండేళ్లప్పుడు పోలియో వచ్చి కొంతకాలం కాళ్లు పడిపోయాయి. కోలుకుంటున్న రోజుల్లో ఆ పిల్లాడు నడిచిన తీరే అది. తన సినిమా నటన మొత్తంలో ఆ కాసిని అడుగులే బాగా చేశానని ఆయన అభిప్రాయం.

ఆ ముక్క ఆపి ఆపి చూడండి. కుంటుతున్నట్టు చూపించడానికి ఆయన ఎక్కడా ప్రయత్నించడు. కుంటడం లేదని చూపించడానికి ప్రయత్నిస్తాడు. వెన్ను నిటారు, గడ్డం పైకి, చేతులు పెరేడ్ లెక్కలో ఊగుతుంటాయి. మోకాళ్లు మాత్రం మాట వినవు. మన నాటికల్లో జబ్బు మనిషి అనగానే నడుం వంగుతుంది, చెయ్యి నడుం మీదికి పోతుంది, దగ్గు మొదలవుతుంది, మొహం ముడుచుకుంటుంది. నాలుగూ ఒకేసారి. జబ్బుగా ఉన్నవాడు నిజంగా చేసేది దాన్ని దాచడం. నలుగురి ముందయితే మరీను.

చేయాల్సింది ఇది. పాత్ర చెప్పులు మొదటి రిహార్సల్ నుంచే వేసుకోండి. ప్రదర్శన రోజు కొత్త బూట్లు వేస్తే నెలరోజులు పట్టిన నడక ఒక్క పూటలో పోతుంది. శరీరంలో చెడిన చోటు ఒక్కటే ఎంచుకోండి: మోకాలా, తుంటా, పాదమా. మిగతా ఒళ్లంతా ఆ ఒక్కదాన్ని కప్పిపుచ్చే పనిలో ఉండాలి. స్టేజీ పక్కన నటులు నిలబడే రెక్క దగ్గర్నుంచి మీరు కూర్చోవాల్సిన కుర్చీ దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టి, ఎన్నో అడుగులో తూలాలో ముందే ఖాయం చేసుకోండి. ఒక్కసారే తూలాలి. రెండోసారి తూలితే ప్రేక్షకుడికి జాలి పోయి లెక్క మొదలవుతుంది. ఏ కాలు చెడిందో మధ్యలో మరిచిపోవడం మామూలే, ముఖ్యంగా తగాదా సీనులో. చెప్పులో చింతగింజ పెట్టుకుంటే గుర్తుంటుందని చెప్పేవాళ్లుంటారు, వినొద్దు. బొబ్బ లేస్తుంది, నాలుగు ప్రదర్శనలయ్యేసరికి మోకాలు నిజంగానే పట్టేస్తుంది. దానికి బదులు తగాదా సీనులో ప్రతి కదలికనూ మంచి కాలితోనే మొదలుపెట్టేట్టు బ్లాకింగ్ (స్టేజీ మీద ఎవరు ఎటు కదలాలో ముందే ఖాయం చేయడం) చేసుకోండి, ఒళ్లే గుర్తుపెట్టుకుంటుంది.

ప్రశ్న: 'ఆలివర్ ట్విస్ట్'లో ఆయన ముక్కు, గడ్డం చూసి ఆశ్చర్యపోయినాను. అట్లాంటి ముక్కు స్టేజీ మీద పెట్టాలంటే ఏం వాడాలి? మా ఎండలకు నిలుస్తుందా? – మేకప్ కళాకారుడు, ఆదోని

ఆ సినిమా 1948ది. డికెన్స్ నవలలోని ఫేగిన్ అనే ముసలి యూదుడు, దొంగల గురువు వేషం. గిన్నిస్‌కు అప్పుడు ముప్పై నాలుగేళ్లు. ఈ వేషానికి నువ్వు పనికిరావని లీన్ అంటే, ఒక్క స్క్రీన్ టెస్ట్ అడిగి, పూర్తి మేకప్‌తో ఎదుట నిలబడ్డాడు. లీన్ మరి మాట్లాడలేదు. మేకప్ చేసింది స్టూవర్ట్ ఫ్రీబోర్న్, నవల మొదటిసారి వచ్చినప్పుడు క్రూక్‌షాంక్ వేసిన బొమ్మలే దానికి ఆధారం. ఆ మేకప్‌కు ఇంకో ముఖం కూడా ఉంది. అంత పెద్ద ముక్కు యూదులను వెక్కిరించడమేనని గొడవ లేచి, అమెరికాలో సినిమా 1951 దాకా విడుదల కాలేదు, అయినప్పుడూ కోతలతోనే. యుద్ధంలో యూదులకు జరిగిన ఘోరం ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. మా దృష్టిలో ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఒక కులాన్నో మతాన్నో గుర్తుపట్టించే ముక్కూ, నామమూ, గడ్డమూ మీ నాటికలో అతికించబోయేముందు ఈ సంగతి ఒకసారి తలచుకోండి.

ఇక పని. స్టేజీకి నోస్ పుట్టీ (ముక్కు ఆకారం మార్చే మేకప్ ముద్ద) చాలు. నటుడి మొహం సబ్బుతో కడిగించి, ముక్కు మీద జిడ్డు లేకుండా స్పిరిట్‌తో తుడవండి. ముక్కు ఎముక మీద స్పిరిట్ గమ్ (మేకప్ అతికించే జిగురు) పలచగా రాసి, వేలితో తట్టుతూ జిగట వచ్చేదాకా ఆగండి. గోలీకాయంత పుట్టీ తీసుకుని వేళ్లకు కాస్త వ్యాజిలిన్ రాసుకుని మెత్తబడేదాకా పిసికి అంటించండి. అంచులను చర్మంలోకి సాగదీసి పలచన చేయాలి. తర్వాత రంగు, ఆపైన పౌడరు. ముక్కు రంగు మొహం రంగుకంటే ఒక పిసరు ఎర్రగా ఉండాలి, లేకుంటే లైట్ల కింద మైనం ముద్దలా కనిపిస్తుంది.

పుట్టీని ఎముక ఉన్నంతవరకే పెట్టండి. ముక్కుపుటాల మీదికి దింపితే అవి మాటకూ నవ్వుకూ కదులుతాయి గనుక పదో డైలాగుకే అంచు పగులుతుంది. ఆదోని ఎండలో పుట్టీ మెత్తబడటం ఖాయం. మేకప్ గది చల్లగా లేకపోతే నటుడికి ముక్కును అన్నిటికంటే చివర అతికించండి, స్టేజీ ఎక్కే అరగంట ముందు. చెమట తుడుచుకునేటప్పుడు రుద్దకుండా అద్దుకోమని చెప్పండి. గంట నాటికకు ఇది నిలుస్తుంది, రాత్రంతా సాగే నాటకానికి మాత్రం పనికిరాదు.

గడ్డానికి క్రేప్ వాడితే జడలా వచ్చే ఆ పీచును ముందురోజే తడిపి, సాగదీసి ఆరబెట్టండి. అంటించేది గడ్డం అడుగునుంచి పైకి, ఇంటికి పెంకులు కప్పినట్టు వరుస మీద వరుస. మీసం ఒకే ముక్కగా అంటించొద్దు. ముక్కు కింద సన్నని సందు వదిలి రెండు ముక్కలుగా పెడితే పైపెదవి ఆడుతుంది, మాట స్పష్టంగా వస్తుంది. కొత్త నటుడికి ముందురోజే మోచేతి మడతలో గమ్ చుక్క వేసి చూడండి, దురదో దద్దుర్లో వస్తే ఆ గమ్ వాడొద్దు. తీసేటప్పుడు లాగొద్దు. పుట్టీకీ చర్మానికీ మధ్య దారం పెట్టి అడ్డంగా లాగితే ముద్దగా ఊడొస్తుంది. మిగిలిన గమ్‌ను రిమూవర్‌తో, రంగును కొబ్బరినూనెతో తీయాలి. ఇంకొక్క మాట: స్పిరిట్ గమ్ భగ్గున అంటుకునే సరుకు. టెంకాయ కొట్టి హారతి ఇచ్చేది గ్రీన్‌రూములోనే అయితే, ముందు సీసాలకు మూతలు బిగించి అవతల పెట్టండి.

ప్రశ్న: ఆయన మాట చాలా మెల్లగా ఉంటుంది. అట్ల మాట్లాడితే మా హాల్లో వెనక బెంచీల వాళ్లకు వినపడేదెట్ల? – ఉపాధ్యాయుడు, కడప

అది సినిమా, టీవీల సంగతి. స్టేజీ మీద ఆయన గొంతు వేరు. 1953లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో నాటకోత్సవం మొదలైనప్పుడు తొలి నాటకం 'రిచర్డ్ ది థర్డ్'లో కథానాయకుడు ఈయనే. ప్రదర్శన జరిగింది పెద్ద డేరాలో, ప్రేక్షకులు మూడు పక్కలా. మెల్లగా గొణిగితే అక్కడ ఏమీ మిగలదు.

మెల్లగా మాట్లాడటం వేరు, మాట నీరసించడం వేరు. మన నటుల్లో ఎక్కువమందికి ఉన్న జబ్బు రెండోది. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. "నేను ఆ సంతకం పెట్టలేదు" అనే డైలాగులో ప్రాణమంతా ఆ చివరి 'లేదు'లోనే ఉంది. ఊపిరి చాలక సరిగ్గా అక్కడే గొంతు పడిపోతే, సంతకం పెట్టాడో పెట్టలేదో వెనక బెంచీకి తెలియదు. ఇంగ్లీషు నటులకు 'కాదు' అన్నది వాక్యం మధ్యలోనే పడిపోతుంది కాబట్టి వాళ్ల పుస్తకాలు చదివి మనం తోక సంగతి మరిచిపోతాం.

రిహార్సల్‌లో ప్రతి డైలాగునూ తోక నుంచి మొదలుపెట్టి కట్టండి: ముందు 'పెట్టలేదు' ఒక్కటే, తర్వాత 'సంతకం పెట్టలేదు', ఆ తర్వాత మొత్తం. ఊపిరి ఎక్కడ తీయాలో స్క్రిప్టులో గీత పెట్టుకోండి. ఒకరిని వెనక బెంచీలో కూర్చోబెట్టి, వినపడని చోటల్లా చెయ్యెత్తమనండి. అర్థం కాలేదని కాదు, వినపడలేదని మాత్రమే. పైన వేలాడే మైకులున్న స్టేజీ మీద ఇంకో చిక్కుంది. నటుడు మైకు కిందికి నడిచినప్పుడు గొంతు పెద్దదై, పక్కకు జరగగానే సన్నబడుతుంది. మెల్లగా చెప్పాల్సిన డైలాగులన్నీ మైకు దగ్గర పడేట్టు బ్లాకింగ్ చేస్తే సగం సమస్య తీరుతుంది.

ప్రశ్న: ఇంత సన్నగా చేసే నటన మా పద్యనాటకానికి పనికొస్తుందా? – పద్యనాటక కళాకారుడు, తాడిపత్రి

పద్యం ఎత్తుకున్నాక పనికిరాదు. రాగానికి దాని లెక్క దానికుంది, జనం వన్స్‌మోర్ అన్నాక నటుడు పాత్రలోంచి బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోవాల్సిందే. పద్యానికీ పద్యానికీ మధ్య మాత్రం బాగా పనికొస్తుంది. ఎదుటివాడు పాడుతున్నంతసేపూ మీరేం చేస్తున్నారన్నదే ప్రశ్న. కిరీటం సర్దుకోవడం, హార్మోనియం వైపు చూడటం, తర్వాతి పద్యం పెదవులతో నెమరేసుకోవడం. ఇవి మానేసి వింటే చాలు, సగం గిన్నిస్ వచ్చినట్టే. అయినా ఈ మాట మీ ఊరికి మేం చెప్పడమేమిటి! పాటకంటే భావం ముఖ్యమని వాదించిన బళ్లారి రాఘవ 1880లో పుట్టింది తాడిపత్రిలోనే.

ప్రశ్న: ఆయన బెంగళూరు దగ్గర షూటింగుకు వచ్చినాడని మా పెద్దలు చెప్తారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, హిందూపురం

నిజమే. డేవిడ్ లీన్ చివరి సినిమా 'ఎ పాసేజ్ టు ఇండియా' (1984) చాలావరకు బెంగళూరులో, చుట్టుపక్కలా తీశారు. కథలోని మరబార్ గుహలకు మూలం బీహార్‌లోని బరాబర్ గుహలు. అవి లీన్‌కు నచ్చలేదు. సావన్‌దుర్గ, రామనగర దగ్గరి రామదేవరబెట్ట కొండలు ఎంచుకుని, అక్కడి బండల్లో గుహల నోళ్లు తొలిపించాడు. 'షోలే' తీసింది కూడా ఆ రామనగర రాళ్ల మధ్యే.

గిన్నిస్ వేసింది ప్రొఫెసర్ గాడ్‌బోలే అనే బ్రాహ్మణ పండితుడి వేషం, ఒంటికి రంగు పూసుకుని. డాక్టర్ అజీజ్‌గా విక్టర్ బెనర్జీ ఉన్న సినిమాలో, ఆ పక్కనే రంగు పూసుకున్న తెల్లాయన ఎందుకన్న విమర్శ అప్పుడే వచ్చింది. మొహమాటం లేకుండా చెప్పాలంటే ఆయన బలహీనమైన వేషాల్లో ఇదొకటి. సాధన చేసి నేర్చుకున్న నాట్యం కాస్తా ఎడిటింగ్‌లో పోయింది, లీన్‌తో స్నేహం కూడా దెబ్బతింది. అదే సినిమాలో మిసెస్ మూర్‌గా పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్‌కు ఆస్కార్ వచ్చింది. ఆమె కోసమైనా చూడండి.

ప్రశ్న: 'స్టార్ వార్స్'కు పర్సెంటేజీ మీద ఒప్పుకుని వందల కోట్లు వెనకేసినాడంట? – ఒక పాఠకుడు, కర్నూలు

పర్సెంటేజీ నిజం, లెక్కలోనే అందరూ పొరబడతారు. ఆయనకు రాసిచ్చింది 2.25 శాతం. అది సినిమా వసూళ్ల మీద కాదు, దర్శకుడు జార్జ్ లూకాస్‌కు వచ్చే వాటా మీద. లూకాస్ వాటా వసూళ్లలో ఐదోవంతు. అంటే ప్రతి నూరు రూపాయల్లో లూకాస్‌కు ఇరవై, ఆ ఇరవైలో గిన్నిస్‌కు నలభై ఐదు పైసలు. 1977 నాటి ఆ సినిమా ప్రపంచమంతా ఆడింది కాబట్టి ఆ పైసలే ఆయన్ను జీవితాంతం నిశ్చింతగా ఉంచాయి. డైలాగులు మాత్రం ఆయనకు బొత్తిగా నచ్చలేదు. ఆ సినిమా నూరుసార్లు చూశానని ఒక పిల్లాడు ఆటోగ్రాఫ్ అడిగితే, ఇక మళ్లీ చూడనని మాటిస్తేనే పెడతానన్నాడట.

ప్రశ్న: ఆయన ఎప్పుడన్నా ఘోరంగా ఫెయిలయినాడా? – నాటక సమాజం సభ్యుడు, అనంతపురం

ఒకటికి రెండుసార్లు. 1951లో లండన్‌లోని న్యూ థియేటర్‌లో తనే దర్శకత్వం వహిస్తూ హామ్లెట్ వేశాడు. మొదటి రాత్రే లైటింగ్ బోర్డు మొరాయించి లైటు ఎప్పుడు మారాలో చెప్పే క్యూలన్నీ తప్పాయి, పత్రికలు చీల్చి చెండాడాయి. 1966లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో 'మాక్‌బెత్'కు కూడా అదే గతి. ఆ రెండింటి మధ్య, 1964లో, బ్రాడ్‌వేలో కవి డిలన్ థామస్ వేషానికి అమెరికా నాటకరంగపు టోనీ అవార్డు వచ్చింది.

మొదటి సంగతి మీ సమాజానికి పాఠమే. ప్రధాన పాత్ర వేసేవాడే దర్శకుడైతే ఎదుట కూర్చుని చూసే కన్ను ఉండదు. కనీసం ఆఖరి మూడు రిహార్సల్స్‌కు ఆ పాత్రను వేరొకరితో నడిపించి, మీరు కిందికి దిగి చూడండి. లైట్ల మనిషికి క్యూలను నిమిషాల్లో కాకుండా డైలాగు చివరి మాటతో రాసివ్వండి, టెక్నికల్ రిహార్సల్ నటులు లేకుండా విడిగా పెట్టుకోండి. బోర్డుతో పనిలేకుండా నేరుగా స్విచ్చితో వెలిగే రెండు హాలోజన్ లైట్లు వేరే లైను మీద సిద్ధంగా ఉంటే, బోర్డు చచ్చినా నాటకం ఆగదు.

ప్రశ్న: జార్జ్ స్మైలీ వేషంలో ఆయన ఊరికే కూచుని చూస్తాంటాడు, మనం కళ్లు తిప్పుకోలేం. అది ఎట్ల సాధ్యం? నాకూ కళ్లజోడు పాత్రే వచ్చింది, లైట్ల కింద అద్దాలు మెరిసి కళ్లే కనపడవంటున్నారు. – నాటిక నటి, కడప

'టింకర్ టైలర్ సోల్జర్ స్పై' 1979లో బీబీసీ ఏడు భాగాలుగా ఇచ్చిన సీరియల్. రిటైరైన గూఢచారి స్మైలీ తన ఆఫీసులోనే ఉన్న ద్రోహిని పట్టుకునే కథ. ఆ పాత్ర కోసం ఆ కథకు మూలమైన నవల రాసిన జాన్ లె కారే సాయంతో బ్రిటన్ గూఢచారి శాఖ మాజీ అధిపతి మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌తో కలిసి భోంచేశాడు గిన్నిస్. గూఢచర్యం రహస్యాలేమీ ఆయనకు అక్కర్లేదు. మనిషి బూట్లు, గొడుగు, వెళ్లిపోయేటప్పుడు వెనకనుంచి ఆ నడక, ఇవీ చూసుకున్నది.

ఊరికే కూర్చోవడంలో ఊరికే ఉన్నదేమీ లేదు. సీనుసీనుకూ స్మైలీకి ఎదుటివాడి దగ్గర తెలుసుకోవాల్సింది ఒక్కటి ఉంటుంది, అది దొరికేదాకా అతని చూపు ఎదుటివాణ్ని వదలదు. మీరూ ప్రతి సీనుకూ "ఈ మనిషి నుంచి నాకేం తెలియాలి" అని స్క్రిప్టు పక్కన ఒక్క వాక్యం రాసుకోండి. ఆ సంగతి దొరికిన క్షణంలోనే కదలండి: చెయ్యి తీయడమో, తల తిప్పడమో, ఏదో ఒక్కటి. అంతకుముందు కదిలిన ప్రతి కదలికా దాని విలువ తగ్గిస్తుంది.

కళ్లజోడు సంగతి తేలిక. మీకు పవరు అక్కర్లేకపోతే అద్దాలు తీసేసి ఉత్త ఫ్రేము పెట్టుకోండి, స్టేజీ దూరంలో ఎవరూ పట్టరు. ముందు వరుసలో జడ్జీలు కూర్చుంటారన్న జంకు ఉంటే అద్దాలు ఉంచి, చెవుల మీద ఆనే కొమ్ములను ఒక దారమంత పైకి లేపండి. అద్దం కొద్దిగా కిందికి వాలి మెరుపు నేల మీదికి పోతుంది. కొమ్ములకు చెవి వెనక చర్మం రంగు టేపు చిన్నముక్క అంటిస్తే చెమటకు జారదు. అప్పటికీ మెరిస్తే ఎదురుగా ఉన్న లైటును ఒక అడుగు పైకి జరపమనండి, మీ తల మాత్రం వంచొద్దు. తల వంచితే ఈసారి ఫ్రేము నీడ సరిగ్గా కళ్ల మీదే పడుతుంది.